కట్ చేసిన పైసలు మనయే, అడిగితేనే వస్తయ్

 ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసెటందుకు 2025ల గడువును జులై 31 నుంచి సెప్టెంబర్ 15కు జరిపిన్రు. ఇంత టైమ్ ఇచ్చినంక గూడ మా దిక్కు ఎవల్నడిగినా ఒకటే మాట: "మనకెందుకన్నా అది, పన్నెండు లక్షల దాక ట్యాక్సే లేదన్నరు గదా!"

ఈ మాటల రెండు గలతీలున్నయ్. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌ల చెప్పిన పన్నెండు లక్షల ముచ్చట 2025 ఏప్రిల్ 1 తర్వాత సంపాదించేదానికి. 2025ల వేసిన రిటర్న్ అంతకుముందటి ఏడాదిది, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాక వచ్చిన పైసలది. దానికి కొత్త పద్ధతిల ఏడు లక్షల ఆదాయం దాకనే మాఫీ. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలుపుకుంటే 7 లక్షల 75 వేలు. ఆ మాఫీ గూడ దానంతటదే రాదు. ఆ ఏడాది ఆదాయం మూడు లక్షలు దాటితే, ట్యాక్స్ సున్నా అయినా సరే, రిటర్న్ వెయ్యాల్సి ఉండె.

రెండో గలతీ ఇంకా పెద్దది. ట్యాక్స్ పడదు అనేదానికి, ట్యాక్స్ కట్ కాలేదు అనేదానికి మస్తు ఫరక్ ఉన్నది. ఇన్‌కమ్ ట్యాక్స్ అంటే కోట్లున్నోళ్ల పంచాది అని మనకు అలవాటైపోయింది. కని టీడీఎస్ పేరుతోని ట్యాక్స్ పడేటంత ఆదాయం లేనోని దగ్గర గూడ ముందుగాలనే కోసుకుంటున్నరు. ఎక్కువ కోసిన్రు, నాయి నాకియ్యిన్రి అని లెక్క చూపే పని మాత్రం కోయించుకున్నోని నెత్తిన పెట్టిన్రు. ఆ లెక్క కాయితం పేరే రిటర్న్. పైసలున్నోడు సీఏను పెట్టుకొని గడువుకు ముందే వేస్తడు. పైసలు రావాల్సినోడే వెయ్యడు.

నేను సీఏను కాదు. ఇంటర్‌తోని సదువు ఆపినోన్ని. డ్రైవర్ల సంఘం పనుల మీద, అవుట్‌సోర్సింగ్ కార్మికుల పనుల మీద తిరుగుకుంట ఈ కాయితాలు సదువుడు నేర్చుకున్న. జులై వచ్చిందంటే మా సంఘం ఆఫీసుల బల్ల మీద కరపత్రాల కంటే ఫారం 16లే ఎక్కువుంటయ్. అక్కడ చూసినవే ఇక్కడ రాస్తున్న.

ఎవలెవలయి కట్ అయితున్నయ్?

సొంత కారు కొనుక్కొని ట్రావెల్స్ కాంట్రాక్టర్ కింద ఐటీ కంపెనీకి తిప్పే డ్రైవరన్నను తీసుకోండ్రి. నెలకు 60 వేల బిల్లు అయితది అనుకుందాం. ఏడాదికి 7 లక్షల 20 వేలు. కాంట్రాక్టర్ సెక్షన్ 194సీ కింద ఒక శాతం, అంటే 7,200 కట్ చేస్తడు. డీజిల్, కిస్తీలు, ఇన్సూరెన్స్, రిపేర్లు పోను ఆయనకు మిగిలేది రెండున్నర లక్షలు అనుకున్నా, మూడు లక్షల లోపే. ఒక్క రూపాయి ట్యాక్స్ పడదు. రిటర్న్ వేస్తే 7,200 తిరిగొస్తయ్, వెయ్యకుంటే రావు. ఇగ ఆయన పాన్ కార్డు ఆధార్‌తోని లింక్ కాలేదనుకో, చెల్లని పాన్ కిందికొచ్చి కటింగ్ 20 శాతం అయితది. అదే బిల్లు మీద 1 లక్షా 44 వేలు! కారు కిస్తీ యాడికెళ్లి కడుతడు?

ఆయన రిటర్న్ వేసుడు గూడ పెద్ద కష్టం కాదు. 44ఏడీ అనే సెక్షన్ కింద ఖాతా పుస్తకాలు లేకుండనే, బ్యాంకు ద్వారా వచ్చిన బిల్లుల మీద కనీసం ఆరు శాతం, నగదైతే ఎనిమిది శాతం లాభం చూపి ఐటీఆర్-4 వెయ్యొచ్చు. కనీసం అన్న మాట గుర్తుంచుకోవాలె. నిజంగ ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలె. కొందరు ఆరు శాతమంటే ఆరు శాతమే రాసి, అదే సంవత్సరం బ్యాంకు లోన్ కోసం ఇంకో పెద్ద లెక్క చూపుతున్నరు. రెండు కాయితాలు ఒకనాడు ఎదురెదురు పడుతయ్.

గెస్ట్ లెక్చరర్లది ఇంకో తీరు. వాళ్లకు నౌకరి గ్యారంటీ లేదు, సెలవుల జీతం లేదు. కని కొన్ని కాలేజీలు వాళ్లకిచ్చేది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు అని రాసి 194జే కింద పది శాతం కోస్తున్నయ్. నెలకు 25 వేల చొప్పున పది నెలలు చెప్తే రెండున్నర లక్షలు. కట్ అయ్యేది 25 వేలు. అంటే ఒక నెల పాఠాలు ఉత్తగ చెప్పినట్టు. ట్యాక్స్ మాత్రం సున్నా.

ప్రాజెక్టుల కింద భూమి పోయిన రైతు నష్టపరిహారంల ఎనిమిది లక్షలు బ్యాంకుల ఫిక్స్‌డ్ చేసిండనుకో. ఏడు శాతం మిత్తి అంటే ఏడాదికి 56 వేలు. బ్యాంకోళ్లు పది శాతం, 5,600 కట్ చేస్తరు. పాన్ ఇయ్యకుంటే ఇరవై శాతం. 2024–25ల అరవై ఏండ్లు దాటితే 15హెచ్, దాటకుంటే 15జీ అనే ఫారం ఏప్రిల్‌లనే ఇచ్చుంటే ఈ కటింగే ఉండకపోవు. బ్యాంకుల ఆ ఫారం సంగతి చెప్పే దిక్కు లేదు. ఇన్సూరెన్స్ పాలసీ సంగతైతే అడగకున్నా చెప్తరు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కుల గల్ఫ్‌కు పోయినోళ్లది మరీ అన్యాలం. వాళ్ల ఎన్ఆర్ఓ ఖాతాల మిత్తి మీద సెస్సుతోని కలిపి 31.2 శాతం కోస్తరు. లక్ష మిత్తి వస్తే 31,200 పాయె. ఇండియాల వేరే ఆదాయం లేకుంటే ఆ లక్ష మీద ట్యాక్సే లేదు, రిటర్న్ వేస్తే మొత్తం తిరిగొస్తది. కని వాళ్లు ఐటీఆర్-1 వెయ్యొద్దు, ఐటీఆర్-2 వెయ్యాలె. దుబాయ్‌ల పన్నెండు గంటలు డ్యూటీ చేసెటోనికి ఈ ఫరక్ ఎవలు చెప్పాలె?

ముందుగాల 26ఏఎస్ చూడాలె

రిటర్న్ వేసెటోళ్లు చేసే మొదటి పొరపాటు ఫారం 16 ఒక్కటే పట్టుకొని కూసునుడు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌ల మీ పాన్ మీద రెండు కాయితాలుంటయ్. 26ఏఎస్‌ల మీ పేరు మీద ఎవలెంత కట్ చేసి సర్కారుకు కట్టిన్రో ఉంటది. ఏఐఎస్ అనేదాంట్ల మిత్తీలు, షేర్లు, భూముల రిజిస్ట్రేషన్లు, బ్యాంకుల పెద్ద మొత్తంల నగదు జమలు, మీ గురించి సర్కారుకు తెలిసిందంతా ఉంటది. మీ రిటర్న్‌ను బెంగళూరుల ఉన్న కంప్యూటర్ సెంటర్ ఈ రెండింటి పక్కన పెట్టి పోల్చుతది. మీరు మర్చిపోయిన సేవింగ్స్ మిత్తి 3 వేలు అది మర్చిపోదు.

ఏఐఎస్‌ల మీది కానిది గూడ మీ పేరు మీద ఎక్కుతది. పొదుపు సంఘం పైసలు లీడర్ ఖాతాల పడుతయ్. అన్నదమ్ముల ఉమ్మడి భూమి అమ్మితే పూర తొలి పేరు మీద కనబడ్తది. అసువంటి యాళ్ల భయపడి దాన్ని ఆదాయంల కలుపుకోవద్దు, చూడనట్టు ఉండొద్దు. ఆ ఎంట్రీ పక్కనే ఫీడ్‌బ్యాక్ అని ఉంటది. ఇది నాది కాదు, లేకుంటే దీంట్ల నా వాటా ఇంతే అని అక్కడ రాసి పెట్టాలె. రేపు నోటీసు వచ్చినా మీరు ముందే చెప్పినట్టు రికార్డు ఉంటది.

ఇగ అసలు బాధ. జీతం చీటీల ప్రతి నెల టీడీఎస్ కట్ అయినట్టు ఉంటది. 26ఏఎస్ తెరిస్తే ఏమీ ఉండదు. కట్ చేసినోడు సర్కారుకు కట్టకనన్నా పోయిండు, కట్టి గూడ తన క్వార్టర్ లెక్కల మీ పాన్ నంబర్ తప్పు కొట్టన్నా కొట్టిండు, ఆ లెక్కే దాఖలు చెయ్యకనన్నా పోయిండు. తప్పు ఏదైనా, కంప్యూటర్‌కు తెలిసింది ఒకటే: ఈ మనిషి పేరు మీద ట్యాక్స్ జమ లేదు. మీకు క్రెడిట్ ఇయ్యదు, పైకెళ్లి ఇంత కట్టుమని డిమాండ్ పంపుతది. అంటే ఒకే ట్యాక్స్ రెండుసార్లు. మొదటిసారి మన జీతంల నుంచి, రెండోసారి మన జేబుల నుంచి.

చట్టం ఏమంటదో వినుండ్రి. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 205 ప్రకారం, ఒకసారి మీ ఆదాయంల నుంచి టీడీఎస్ కట్ అయ్యిందంటే, ఆ మేరకు ట్యాక్స్ కట్టుమని మిమ్మల్ని అడిగే హక్కు డిపార్ట్‌మెంట్‌కు లేదు. సీబీడీటీ 2015 జూన్ 1 నాడు, మళ్ల 2016 మార్చిల తన ఆఫీసర్లకు రాతపూర్వకంగనే చెప్పింది, అసువంటి డిమాండ్లను జబర్దస్తీ వసూలు చెయ్యొద్దని. కట్ చేసి కట్టని యజమానికి 2025ల సెక్షన్ 276బీ కింద మూడు నెలల నుంచి ఏడేండ్ల దాక జైలు గూడ ఉండె. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకాయన కేసుల 2021ల గుజరాత్ హైకోర్టు గిదే చెప్పింది: కంపెనీ జమ చెయ్యకపోతే ఉద్యోగి ఏం జేస్తడు, కట్ అయినదానికి క్రెడిట్ ఇయ్యాల్సిందే అని.

చట్టం మన దిక్కే ఉన్నది, కంప్యూటరే లేదు. పైలట్‌కు హైకోర్టు దాక పొయ్యే తాకత్ ఉన్నది. ఆస్పత్రిల అవుట్‌సోర్సింగ్ కింద చేసే నర్సమ్మకు, టెండర్ అయిపోంగనే ఏజెన్సీ ఆఫీసుకే తాళం పడ్డంక, ఎవల్ని అడగాల్నో గూడ తెల్వదు. వసూలు చెయ్యొద్దు అన్నరు గని డిమాండ్ కొట్టెయ్యమని చెప్పలే. అది అట్లనే రికార్డుల వేలాడ్తది. వచ్చే ఏడాది రీఫండ్ వస్తే సెక్షన్ 245 పేరు చెప్పి దాంట్ల పట్టుకుంటరు. ఇది నేను చట్టం మీద పెట్టే అన్నింటికంటే పెద్ద ఫిర్యాదు. దొంగతనం చేసినోడు ఎవలో సర్కారు దగ్గర పేరు, నంబర్‌తోని సహా ఉన్నది. కని నోటీసు మాత్రం పోగొట్టుకున్నోనికి పోతది.

అయినా చేసే పనులున్నయ్. జీతం చీటీలు, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి దాచుకోవాలె. చీటీల ఎంత కట్ అయ్యిందో, బ్యాంకుల ఎంత పడ్డదో రెండు కలిస్తేనే సాక్ష్యం. యజమానికి మెయిల్‌నన్నా, రిజిస్టర్ పోస్టునన్నా రాయాలె, నోటిమాటతోని వదిలిపెట్టొద్దు. పాన్ తప్పు పడ్డదైతే వాళ్లు కరెక్షన్ స్టేట్‌మెంట్ వేస్తే కొన్ని దినాల్ల సరైతది. సర్కారు ఆఫీసుల్ల డీడీఓలు గూడ ఈ తప్పు చేస్తరు. అడిగితే సరి చేస్తరు, అడగకుంటే చెయ్యరు. డిమాండ్ వస్తే పోర్టల్‌ల దానికి ఒప్పుకోను అని జవాబు పెట్టి, సెక్షన్ 205 పేరు రాసి, చీటీలు జత చెయ్యాలె. హైదరాబాద్‌ల టీడీఎస్‌కు వేరే కమిషనర్ ఆఫీసే ఉన్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఫిర్యాదు ఇచ్చే కంటే, ఒకే ఏజెన్సీ కింద పనిచేసినోళ్లు ఇరవై మంది కలిసి ఇస్తే ఆ కాయితం కదులుతది. సంఘాలున్నది గిందుకే.

ఇంటిపేరు ముందా ఎనుకా

కంప్యూటర్లు పుట్టిన దేశంల ఇంటిపేరు ఎనుక ఉంటది. మనకు ముందుంటది. ఈ చిన్న ఫరక్ వల్ల ఎంతమంది రీఫండ్లు ఆగినయో! పాన్ దరఖాస్తుల ఇంటిపేరు పూర రాయాలె, పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఆధార్‌ల మనోళ్లకు ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటది. బ్యాంకు ఖాతాల ఇంకో తీరు. పెండ్లయిన ఆడోళ్లకైతే పాన్ తల్లిగారింటి పేరుతోని, ఆధార్ అత్తగారింటి పేరుతోని. మూడు కాయితాల్ల ముగ్గురు మనుషులు.

పేరు కలవకుంటే పాన్–ఆధార్ లింక్ కాదు. లింక్ కాకుంటే 2023 జులై 1 నుంచి పాన్ పనిచెయ్యదు, రీఫండ్ రాదు. ఇప్పుడు లింక్ చెయ్యాలంటే వెయ్యి రూపాయల ఫీజు. ఆ వెయ్యి కట్టే ముందు పేరు, పుట్టిన తేదీ రెండింట్ల ఒకే తీరుగ ఉన్నయా చూసుకోవాలె. లేకుంటే వెయ్యి కట్టినంక గూడ లింక్ ఫెయిల్ అని వస్తది. ఒకటి సరి చేసుకుంటే సాలు, ఏది సులువుగ అయితదో అదే మార్పించుకోండ్రి.

రీఫండ్ పడాలంటే బ్యాంకు ఖాతాను పోర్టల్‌ల ముందే వ్యాలిడేట్ చేసి పెట్టాలె. బ్యాంకులు కలిసిపోయి ఐఎఫ్ఎస్‌సీ మారిన పాత ఖాతాలిచ్చి, రీఫండ్ ఫెయిలైనంక సర్కారు నా పైసలు తిన్నది అనుకునెటోళ్లను చూసిన. తినలే. ఖాతా సరి చేసి, రీఫండ్ రీఇష్యూ అని రిక్వెస్ట్ పెడితే పడ్తయ్.

ఫారం ఎంచుకునుడుల మన రాష్ట్రంల ఎక్కువ కనబడే తప్పు ఒకటున్నది, అది భూమి తప్పు. టీచర్లు, పోలీసోళ్లు, ఆర్టీసోళ్లు మస్తు మందికి ఊర్ల ఎకరమో రెండెకరాలో ఉంటది. వరి అమ్మిన పైసలొస్తయ్. ఎవుసం ఆదాయం మీద ట్యాక్స్ లేదు నిజమే, కని అది ఏడాదికి 5 వేలు దాటితే ఐటీఆర్-1, ఐటీఆర్-4 రెండు పనికిరావు. జీతగాళ్లు ఐటీఆర్-2, బండ్లోళ్లు, చిన్న యాపారులు ఐటీఆర్-3 వెయ్యాలె. ట్యాక్స్ లేదు గదా అని చూపకపోవుడు తప్పు. ట్యాక్స్ లేదు గదా అని ఎవుసం చెయ్యకుండనే లక్షలు చూపుడు ఇంకా పెద్ద తప్పు, అది పెద్దోళ్ల ఆట, మనకొద్దు. గెస్ట్ లెక్చరర్లు గూడ 26ఏఎస్‌ల 194జే అని ఉన్నదాన్ని జీతం లెక్క రాసి ఐటీఆర్-1 వేస్తే కలవదు. వాళ్లు వేసే ముందు తెలిసినోళ్లతోని ఒకసారి చూపించుకునుడు మంచిది. ఫోన్ల ఎఫ్ అండ్ ఓ ఆడే పోరగాండ్లకు గూడ ఒక మాట. నష్టమొచ్చినా అది యాపారం కిందికే వస్తది, ఐటీఆర్-3 వెయ్యాలె.

రీఫండ్ ఇప్పిస్తనన్న ఏజెంటు

2025 జులై 14 నాడు ఇన్‌కమ్ ట్యాక్సోళ్లు దేశమంతట 150 జాగల తనిఖీలు చేసిన్రు. కొందరు ఏజెంట్లు ఉద్యోగుల పేర్ల మీద లేని ఇంటి కిరాయిలు, లేని ఇన్సూరెన్సులు, పార్టీలకు ఇయ్యని చందాలు చూపి దొంగ రీఫండ్లు తెప్పిస్తున్నరని. ప్రైవేటు కంపెనీలు, సర్కారు సంస్థలు, కాలేజీలు, అన్ని తీర్ల ఉద్యోగులు దాంట్ల ఉన్నరని సీబీడీటీ చెప్పింది. అంతకుముందు నాలుగు నెలల్ల 40 వేల మంది దాక తమంతట తామే రిటర్న్ సరి చేసుకొని 1,045 కోట్ల తప్పుడు క్లెయిమ్‌లు వెనక్కి తీసుకున్నరట.

ఈ దందా తీరు నాకు ఎరుకే. ఆఫీసుల ఒకడు చెప్తడు, నాకు 40 వేలు రీఫండ్ వచ్చింది, మనోడున్నడు, పది శాతం ఇస్తే సాలు అని. ఏజెంటు పాస్‌వర్డ్ తీసుకుంటడు. పోర్టల్‌ల మెయిల్, ఫోన్ నంబర్ తనవే పెడుతడు. గందుకే డిపార్ట్‌మెంట్ పంపిన మెసేజ్‌లు, నోటీసులు మీకు రావు, వానికి పోతయ్. వాడు చూస్తడు, మూసేస్తడు. దొరికిన్నాడు కట్టాల్సింది మీరు: ఆ 40 వేలు, దాని మీద మిత్తి, తప్పుడు లెక్క చూపినందుకు ట్యాక్స్‌కు రెండింతల దాక జరిమానా, అంటే ఇంకో 80 వేలు. వాడు తీసుకున్న నాలుగు వేలు వాపస్ ఇయ్యడు.

ట్యాక్స్ పని చేసెటోళ్లందరు దొంగలని నేను అంటలే. ఐదు వందలకో వెయ్యికో నిజాయితీగ వేసి పెట్టెటోళ్లు ప్రతి టౌన్‌ల ఉన్నరు. గుర్తుపట్టుడు సులువే. రీఫండ్‌ల వాటా అడిగెటోడు వద్దు, పనికి కూలి అడిగెటోడు కావాలె. ఎవలు వేసినా పోర్టల్‌ల ఫోన్, మెయిల్ మీదే ఉండాలె. పాత పాస్‌వర్డ్ ఎవల దగ్గరున్నా, ఆధార్ ఓటీపీతోని మార్చుకోవచ్చు.

తప్పుడు రిటర్న్ పడి ఉంటే నోటీసు వచ్చేదాక ఆగొద్దు. 2024–25 ఆదాయం రిటర్న్ అయితే 2025 డిసెంబర్ 31 దాక రివైజ్ చేసుకునే టైమ్ ఉండె. పాత ఏండ్లవైతే అప్‌డేటెడ్ రిటర్న్ అనేది ఇప్పుడు నాలుగేండ్ల దాక వెయ్యొచ్చు, కాకపోతే ట్యాక్స్, మిత్తి మీద అదనంగ మొదటి ఏడాదైతే 25 శాతం, తర్వాత 50, 60, 70 శాతం పడ్తది. ఎంత జల్ది కడితే అంత తక్కువ.

ఉద్యోగులు గిట్ల ఎందుకు పడుతున్నరు అనేది గూడ అడగాలె. జీతగానిది ప్రతి పైసా కనబడ్తది, కోసేది చేతికి రాకముందే కోస్తరు. ఎదురుంగ కోట్ల యాపారం చేసెటోడు నష్టం చూపుతడు. సింగరేణి కార్మికులు ఎన్ని ఏండ్ల సంది ఐటీ మాఫీ అడుగుతున్నరో అందరికి తెలుసు. ఆ కడుపుమంటను ఏజెంట్లు వాడుకుంటున్నరు. మంట న్యాయమైందే, తొవ్వ గలత్.

మిగిలిన చిన్న చిన్నవి జల్ది చెప్త. నడుమ కొలువు మారితే రెండు ఫారం 16లు కలిపి లెక్క చెయ్యాలె. మినహాయింపులు ఇద్దరు యజమానులు విడివిడిగ ఇచ్చి ఉంటరు, కలిపితే కొంత కట్టాల్సి వస్తది. పీఆర్సీ బకాయిలు, పాత డీఏలు ఒక్కసారే పడ్డోళ్లకు సెక్షన్ 89 కింద ఊరట ఉన్నది, కని రిటర్న్ కంటే ముందు ఫారం 10ఈ ఆన్‌లైన్‌ల వెయ్యాలె. అది మర్చిపోయి ఊరట రాసుకున్నోళ్లకు డిమాండ్ వస్తది. పాత పద్ధతి కావాలనుకునెటోళ్లు గడువు లోపల వెయ్యాలె. గడువు దాటితే కొత్త పద్ధతే గతి. రిటర్న్ వేసినంక 30 దినాల లోపల ఈ-వెరిఫై చెయ్యకుంటే వెయ్యనట్టే లెక్క. ఆధార్‌కు లింక్ ఉన్న ఫోన్ నంబర్ పోయినోళ్లు నెట్ బ్యాంకింగ్‌తోనన్నా చెయ్యొచ్చు, లేకుంటే ఐటీఆర్-వీ మీద సంతకం పెట్టి బెంగళూరుకు స్పీడ్ పోస్టు చెయ్యొచ్చు. 139(9) అని నోటీసు వస్తే రిటర్న్‌ల లోపమున్నదని అర్థం, 15 దినాల్ల సరి చెయ్యాలె. 143(1) అంటే భయపడొద్దు. అది మీరు వేసిన లెక్క, వాళ్లు చేసిన లెక్క పక్కపక్కన పెట్టిన కాయితం. యాడ ఫరక్ ఉన్నదో ఆ ఒక్క లైన్ చూడుండ్రి.

కని ఆ లైన్ చదవాలంటే ఇంగ్లీషు రావాలె. మా బల్ల మీదికొచ్చిన నోటీసుల్ల తెలుగుల రాసింది నేను ఇంతవరకు ఒక్కటి చూడలే. చెప్రాసీ నుంచి డ్రైవర్ దాక అందరి దగ్గర కోసెటందుకు భాష అడ్డం రాదు, వాపస్ ఇచ్చేకాడనే వస్తది. ఆదిలాబాద్ మనిషి ఒక్క సందేహం కోసం బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ దాక రావాల్నా? మీసేవల కరెంటు బిల్లు కట్టించుకుంటున్నరు, కులం సర్టిఫికెట్ ఇస్తున్నరు. ఒక రేటు పెట్టి చిన్న రిటర్న్‌లు వేసే పని గూడ అక్కడ పెట్టొచ్చు. కట్ చేసి కట్టని యజమాని పేరు మీద నోటీసు ముందుగాల పోవాలె, కార్మికుని డిమాండ్ అప్పటిదాక రికార్డులనే ఉండొద్దు. ఇవి పెద్ద కోరికలు కాదు.

కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 536 సెక్షన్లకు కుదించిన్రు, నేను పైన రాసిన నంబర్లన్నీ పాత చట్టంవి. 2025 ఫిబ్రవరిల పెట్టిన మొదటి బిల్లుల, గడువు దాటి రిటర్న్ వేస్తే రీఫండే లేదన్నట్టు ఒక షరతు ఉండె. సెలెక్ట్ కమిటీ వద్దన్నది, ఆగస్టుల తెచ్చిన కొత్త బిల్లుల తీసేసిన్రు. ఆ షరతు నిలబడి ఉంటే నష్టపోయేది ఎవలో చెప్పనక్కర లేదు.

అందుకే గడువు దాటినోళ్లు గూడ ఊకోవద్దు. 2024–25 ఆదాయానికి 2025 డిసెంబర్ 31 దాక ఆలస్యపు రిటర్న్ వేసే టైమ్ ఉండె. ఆ ఏడాది ఆదాయం మూడు లక్షలు దాటి ఐదు లక్షల లోపుంటే ఫీజు వెయ్యి, ఐదు దాటితే ఐదు వేలు, మూడు లోపుంటే అసలే లేకుండె. అంతకంటే పాత ఏండ్లకు అప్‌డేటెడ్ రిటర్న్ పనికిరాదు, దాంతోని రీఫండ్ అడగొద్దు. దానికి వేరే తొవ్వ ఉన్నది: సెక్షన్ 119(2)(బీ) కింద ఆలస్యాన్ని మన్నించుమని కమిషనర్‌కు దరఖాస్తు. 2024 అక్టోబర్ 1 నాటి సీబీడీటీ సర్క్యులర్ 11 ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ అయిపోయినంక ఐదేండ్ల దాక పెట్టుకోవచ్చు. ఎందుకు ఆలస్యమైందో నిజమైన కారణం చూపాలె. కరోనా యాళ్ల కొలువులు పోయి, ఐదేండ్లు నిండకముందే పీఎఫ్ మొత్తం తీసుకున్నోళ్లకు యాభై వేలు దాటితే పది శాతం కట్ చేసిన్రు. ఆ ఏడాది వాళ్లకు ట్యాక్స్ పడేటంత ఆదాయమే లేదు. 2019–20ల కట్ అయినోళ్లకు గడువు 2026 మార్చి 31, 2020–21ల కట్ అయినోళ్లకు 2027 మార్చి 31. ఆ ఏండ్ల 26ఏఎస్ ఇయ్యాల్నే తీసి చూడుండ్రి.